ఇంట్లోనే ఉంది కదా అని...

ఆన్‌లైన్ చదువుల మాట ఎత్తితే చాలు, అందరూ ముందు నెట్ గురించే అడుగుతారు. సిగ్నల్ బాగా వస్తుందా, లాప్‌టాప్ ఎంత పెట్టి కొన్నారు, రోజంతా స్క్రీన్ చూస్తే కళ్ళు పాడవవా అని. అడగాల్సినవే, కాదనను. కానీ రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని డిగ్రీ చదువుతున్న ఆడపిల్ల తల్లిగా నాకు తెలిసింది ఒకటుంది. నెట్ పోతే అరగంటలో వస్తుంది. రాకపోతే ఫోన్ డేటాతో నెట్టుకురావచ్చు. ఆ పిల్ల ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క అని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవడానికి మాత్రం మా ఇంట్లో ఏడాది పట్టింది.

పిల్లను కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు చదువుకే కడుతున్నాం అనుకుంటాం. ఆ ఫీజులో ఇంకోటి కూడా కలిసి వస్తుంది. పొద్దున ఎనిమిదింటికి పిల్ల బస్సెక్కిందంటే సాయంత్రం ఐదు దాకా ఇంటి పనుల లెక్కలోంచి పేరు కొట్టేసినట్టే. గ్యాస్ బండ వస్తే ఎవరో ఒకరు తీసుకుంటారు. నానమ్మకి మాత్రలు ఎవరో ఒకరు అందిస్తారు. పక్కింటావిడ వచ్చి కూర్చుంటే ఎవరో ఒకరు కాఫీ పెడతారు. పప్పు నానబెట్టాలి రమ్మని కాలేజీకి ఫోన్ చెయ్యం కదా! మగపిల్లాడికి ఈ సౌకర్యం ఇంట్లో ఉన్నా దొరుకుతుంది. ఆడపిల్లకి గడప దాటితేనే దొరుకుతుంది. ఆన్‌లైన్ చదువు పాఠాన్ని ఇంటికి తెచ్చింది గానీ ఈ సౌకర్యాన్ని తేలేదు. నా గొడవంతా దీని గురించే.

మాది తెనాలి. మా అమ్మాయి చదివేది ఐఐటీ మద్రాసు వాళ్ళు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ. దీనికి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, వారం వారం అసైన్‌మెంట్లు చేసి, ఒక అర్హత పరీక్ష పాసైతే సీటు. ఏడాదికి మూడు టర్ములు. పాఠాలు రికార్డు చేసి వారానికిన్ని చొప్పున పెడతారు. సందేహాలు తీర్చడానికి లైవ్ క్లాసులు వేరే ఉంటాయి. అసైన్‌మెంట్ గడువు దాటిందా, ఆ మార్కులు పోయినట్టే. పెద్ద పరీక్షలు మాత్రం ఇంట్లో కాదు, సెంటర్‌కి వెళ్ళి రాయాలి. హాస్టల్ ఖర్చు లేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ, ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకీ ఫీజులో రాయితీ ఉంది. ఇలాంటి చదువు వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది?

"ఇంట్లో కూర్చుని చదివితే ఆ డిగ్రీ చెల్లుతుందా?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తాను. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లోనే ప్రకటించింది. మామూలు కాలేజీలో చదివే పిల్లలు కూడా కొన్ని సబ్జెక్టులు స్వయం పోర్టల్‌లో చదివి, ఆ క్రెడిట్లు తమ డిగ్రీలో కలుపుకోవచ్చు. కాకపోతే అన్ని చదువులూ ఇలా కుదరవు. నర్సింగ్, ఫార్మసీ, లా, ఇంజినీరింగ్ లాంటివాటికి ఆన్‌లైన్ డిగ్రీని యూజీసీ ఒప్పుకోదు. ఎవరైనా ఇంట్లో కూర్చుని బీటెక్ పట్టా తీసుకోండి అంటే డబ్బు కట్టకండి.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఈ రికార్డు పాఠాలతో ఒక చిక్కు ఉంది. "ఎప్పుడైనా చూసుకోవచ్చు" అన్నది చదివే పిల్లకి ఎంత సుఖమో, ఆ పిల్లను పిలిచేవాళ్ళకి అంతకంటే సుఖం. మా అత్తయ్యగారికి పాఠం గురించి అర్థమైన మొదటి విషయం అదే. "ఆ వీడియో ఎక్కడికీ పోదుగా, కాస్త ఆపి వచ్చి ఈ సూదిలో దారం ఎక్కించవే" అనేవారు. ఆవిడ చెడ్డది కాదు. మనవరాలంటే ప్రాణం. కానీ ఎదురుగా గదిలో కూర్చున్న మనిషి చెన్నైలో ఉన్నట్టు అనుకోమంటే డెబ్భై ఆరేళ్ళ మనిషి ఎలా అనుకుంటుంది?

మొదటి టర్ములో ఒక మంగళవారం నేను క్యాలెండర్ వెనకాల గీతలు పెట్టాను. పొద్దున తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా ఆ పిల్లని ఎవరు ఎన్నిసార్లు పిలిచారో రాద్దామని. పదకొండు వచ్చాయి. కొరియర్ అబ్బాయికి ఓటీపీ చెప్పమని వాళ్ళ నాన్న షాపు నుంచి ఫోను. నానమ్మకి బీపీ మాత్ర. మోటారు వెయ్యమని ఒకసారి, కట్టెయ్యమని ఇంకోసారి. మా తోడికోడలు ఏదో ఆధార్ పని మీద ఫారం నింపిపెట్టమని. పనమ్మాయి వచ్చిందని తలుపు తియ్యమని. అన్నిటికంటే గమ్మత్తు, ఆ రోజు మా ఇంటికొచ్చిన మా ఆడపడుచు కుక్కర్ పెట్టి స్నానానికి వెళ్తూ, "మూడు విజిల్స్ రాగానే కట్టెయ్" అని చెప్పి వెళ్ళింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్రిక్సులు చేస్తున్న పిల్ల విజిల్స్ ఎలా లెక్కపెడుతుందండీ? ఒక చెవికి పాఠం, ఒక చెవికి కుక్కర్.

ఒక్కో పని రెండు నిమిషాలే. అందుకే ఎవరికీ అది పని అనిపించదు. కానీ లెక్కలు చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఒక మెట్టు మధ్యలో లేస్తే తిరిగొచ్చి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పదకొండుసార్లు లేచిన పిల్ల ఆ రోజు రాత్రి పన్నెండున్నర దాకా మెలకువగా ఉండి పగటి పాఠం పూర్తి చేసింది. పొద్దున ఏడింటికి లేవకపోతే మళ్ళీ "రాత్రంతా ఫోన్ చూస్తే ఇంతే" అన్న మాట ఒకటి.

మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవులకి వచ్చినప్పుడు హాల్లోనే పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు. గది కూడా అక్కర్లేదు వాడికి. వాడు కూర్చుంటే టీవీ సౌండు దానంతటదే తగ్గుతుంది. "పిల్లాడు చదువుకుంటున్నాడు" అని గుసగుసగా మాట్లాడుకుంటారు. వాడిని మోటారు వెయ్యమన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. వాడి తప్పేం లేదు, వాడికి అది తెలియను కూడా తెలియదు. అదే ఇంట్లో, అదే హాల్లో, మూసిన తలుపు వెనక ఉన్న పిల్ల మాత్రం అందరికీ ఖాళీగానే కనబడుతుంది.

ఇది మా ఇంటి ముచ్చటే అనుకుంటే పొరపాటు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్ళు ఖాళీ చేయించినప్పుడు ఇళ్ళకి చేరిన ఆడపిల్లలందరికీ ఇది తెలుసు. మా ఆడపడుచు కూతురు అప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. రేపల్లె దగ్గర పల్లెటూరు వాళ్ళది, రెండు గదుల ఇల్లు. సిగ్నల్ కోసం మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేది. అది అందరూ చెప్పుకునే కష్టం. చెప్పుకోని కష్టం కెమెరా. వాళ్ళ లెక్చరర్ ఒకాయన కెమెరా పెట్టకపోతే అటెండెన్స్ ఇవ్వనన్నాడట. వెనకాల దండెం మీద ఆరేసిన లంగాలు, బనీనుతో తిరిగే తాతయ్య, వంటింట్లోంచి తల్లి కేక, ఇవన్నీ అరవై మంది ముందు పెట్టాలి. కాలేజీలో ఈ పిల్ల ఇస్త్రీ చేసిన చుడీదారు వేసుకుని అందరితో సమానంగా బెంచీ మీద కూర్చున్న పిల్లే. కాలేజీ గేటు అందరి ఇళ్ళనీ బయటే ఆపేస్తుంది, కెమెరా వాటిని లోపలికి తెచ్చి వరసగా చూపిస్తుంది. చివరికి గోడకి పాత దుప్పటి కట్టుకుని కూర్చుంది. ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఒకే ఫోను, ఇద్దరు పిల్లలు. ఎవరి క్లాసు ముఖ్యమో ఎవరు తేల్చారో, ఎలా తేల్చారో నేను చెప్పక్కర్లేదు, మీరంతా చూసినవాళ్ళే.

అలాగని ఇంట్లో ఉండి చదవడం వద్దంటానా? నేను చదివిందే అలా. ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో తెలుగు తీసుకుని బీఏ చేశాను. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది, తర్వాత పేరు మార్చారు. అది లేకపోతే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. పుస్తకాలు ఇంటికే వచ్చేవి. కానీ ఆదివారం ఆదివారం స్టడీ సెంటర్‌లో క్లాసులుండేవి. ఇంట్లో ఆరు రోజులు చదివింది ఒకెత్తు, ఆ ఒక్క పూట ఒకెత్తు. మా క్లాసులో ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక ఆర్టీసీ కండక్టరు, మా అమ్మ వయసున్న ఒకావిడ. ఛందస్సులో గణాలు నాకు పుస్తకం చదివితే రాలేదు, ఆ కండక్టరుగారు బస్సు బెల్లు కొట్టినట్టు లఘువు గురువు కొట్టి చూపిస్తే వచ్చాయి. ఆ పూట ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది వాళ్ళే చూసుకునేవారు. ఎందుకంటే నేను అక్కడ లేను! ఇరవై ఏళ్ళ నాడు పుస్తకాలు పోస్టులో పంపినవాళ్ళకి కూడా మనిషిని వారానికొకసారి బయటికి రప్పించాలని తెలిసింది. ఇప్పటి ఆన్‌లైన్ కోర్సులు కొన్ని ఆ పని కూడా తీసేసి, అదే గొప్ప సౌకర్యమని ప్రకటనలు ఇస్తున్నాయి.

మా ఇంట్లో నేను చేసింది చెప్తాను. గొప్ప ఉపాయం ఏమీ కాదు. రెండో టర్ము మొదలైన రోజు ఆ పిల్లకి కూడా క్యారేజీ కట్టాను. వాళ్ళ నాన్నకి కట్టినట్టే, ఎనిమిదిన్నరకల్లా. అన్నం, కూర, పెరుగు, మంచినీళ్ళ సీసా. తొమ్మిదింటికి తల దువ్వుకుని, బట్టలు మార్చుకుని గదిలోకి వెళ్ళాలి, మధ్యాహ్నం అక్కడే బాక్సు తెరుచుకుని తినాలి, నాలుగింటికి బయటికి రావాలి. అత్తయ్యగారు పడీ పడీ నవ్వారు. "పది అడుగుల దూరానికి క్యారేజీ ఏమిటే!" అన్నారు. నవ్వితే నవ్వారు గానీ ఆ డబ్బా చేసిన పని నా వాదనలేవీ చెయ్యలేదు. క్యారేజీ పట్టుకుని వెళ్ళిన మనిషిని మధ్యలో పిలవడం మన చేతుల్లో లేదు, అది మన ఒంట్లో ఉన్న అలవాటు. రెండు నెలలయ్యేసరికి ఎవరైనా ఆ గది తలుపు కొడితే ఆవిడే "నాలుగింటికి వస్తుంది, అప్పుడు రా" అనడం మొదలుపెట్టారు.

నాలుగు తర్వాత ఆ పిల్ల పని చేస్తుంది. కాలేజీ నుంచి వచ్చిన పిల్ల ఎంత చేస్తుందో అంత. గిన్నెలు సర్దుతుంది, మల్లెమొక్కలకి నీళ్ళు పోస్తుంది. చదువుకుంటోంది కదా అని పువ్వుల్లో పెట్టి చూడమని నేను అనడం లేదు. మావారికి మాత్రం చెప్పేశాను, ఓటీపీ మీ ఫోనుకే పెట్టుకోండి అని.

మా అమ్మాయి కూడా తన దారులు తను వెతుక్కుంది. రికార్డు పాఠం ఒకటిన్నర స్పీడులో వింటే టైము కలిసొస్తుందని మొదట్లో సంబరపడింది. తర్వాత చూస్తే విన్నట్టే ఉంటుంది, లెక్క చెయ్యబోతే చెయ్యి ఆడదు. ఇప్పుడు మామూలు స్పీడులోనే, నోట్స్ చేత్తో రాసుకుంటూ వింటుంది. ఇరవై నిమిషాలకొకసారి కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు వంక చూస్తుంది, కళ్ళ డాక్టరు చెప్పిన పద్ధతి అది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. ముగ్గురు అమ్మాయిలు, ఒకరిది నెల్లూరు, ఒకరిది ఖమ్మం, గూగుల్ మీట్‌లో కలుస్తారు. మైకులు మ్యూట్. ఎవరూ మాట్లాడరు. ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. మాట్లాడకపోతే ఎందుకే ఆ మీటింగు అని అడిగితే, "పక్కన ఎవరో ఒకరు ఉన్నట్టుంటుందమ్మా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఇంటి పనుల నుంచి కాపాడటం నా చేతిలో ఉంది, పక్క బెంచీ తెచ్చిపెట్టడం నా చేతిలో లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల రోజంతా మాట్లాడేది నాతో, వాళ్ళ నానమ్మతో. క్యాంటీన్ లేదు, బస్సులో వెనక సీటు కబుర్లు లేవు, నచ్చని లెక్చరర్ మీద జోకులు లేవు. "చదువు వస్తోంది గానీ కొత్తవాళ్ళతో మాట్లాడటం మర్చిపోతున్నానేమో" అని ఒకసారి తనే అంది. మార్కుల షీటులో ఇది కనబడదు కాబట్టి మనం పట్టించుకోం.

ఇక్కడే నాకు అసలు భయం. ఈ మధ్య మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు తమ ఆడపిల్లలకి ఆన్‌లైన్ డిగ్రీ గురించి నన్ను అడిగారు. ఏ కోర్సు, ఏ యూనివర్సిటీ అని కాదు. "రోజూ బయటికి పంపక్కర్లేదటగా?" అని. కాలేజీకి వెళ్తే ఎవరితో మాట్లాడుతుందో, ఏ బస్సులో ఎవరు ఏడిపిస్తారో, లేనిపోని గొడవ. ఇదైతే కళ్ళ ముందే ఉంటుంది, చేతికింద ఉంటుంది, పట్టా కూడా వస్తుంది. మన అమ్మమ్మలకి గడప దాటనివ్వం అని ముఖం మీదే చెప్పేవారు. ఇప్పుడు వైఫై పెట్టించి మరీ చెప్తున్నారు. వాళ్ళని నేను అడిగేది ఒక్కటే, ఇదే కోర్సు మీ అబ్బాయికైతే ఇలాగే ఇంట్లో ఉంచి చదివిస్తారా? ఔనంటే నిక్షేపంగా చేర్చండి. కాదంటే మీరు ఎంచుకుంటున్నది కోర్సును కాదు.

పోయిన మాఘమాసంలో మా చిన్నత్తగారు ఒక సంబంధం తెచ్చారు. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, మంచి కుటుంబం. పిల్ల చదువు అవలేదండీ అన్నాను. "ఆన్‌లైనే కదమ్మా! ఇక్కడ కూర్చుని చదివేది అక్కడ కూర్చుని చదువుతుంది. సారెలో ఆ లాప్‌టాప్ కూడా పెట్టి పంపు" అన్నారు ఆవిడ. కాలేజీకి వెళ్ళే పిల్లకైతే డిగ్రీ అయ్యేదాకా ఆగుదాం అనడానికి మనకి ఒక అడ్డుకట్ట ఉంటుంది. ఆన్‌లైన్ చదువు ఆ అడ్డుకట్ట కూడా తీసేసింది. కన్నవాళ్ళ ఇంట్లో, నానమ్మ ముద్దు చేసే ఇంట్లో, తలుపు వేసుకోవడానికి ఏడాది పట్టిన పిల్ల, కొత్తగా అడుగుపెట్టిన ఇంట్లో తొమ్మిదింటికి గదిలోకెళ్ళి నాలుగింటిదాకా రానంటే ఏమంటారు? రాత్రి అంట్లు తోమాక పదింటికి పుస్తకం తెరిచి చదివిన అనుభవం నాది, నాకు తెలుసు. నేను జవాబు వెతుక్కునేలోపే మంచం మీంచి మా అత్తయ్యగారు అన్నారు, "లాప్‌టాప్ సారెలో పెట్టొచ్చు చెల్లీ, గది ఎక్కడ పెడతాం?" అని. చిన్నత్తగారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ సంబంధం ఊసు మళ్ళీ రాలేదు.

మొన్న టర్ము పరీక్షకి సెంటర్ విజయవాడలో పడింది. ఆదివారం పొద్దున్నే రైల్లో వెళ్ళాం. గేటు బయట ఆ నెల్లూరు అమ్మాయి, ఖమ్మం అమ్మాయి నిలబడి ఉన్నారు. అదే మొదటిసారి ఎదురుపడటం. తెర మీద ఏడాదిగా చూసుకున్నా, "అయ్యో, నువ్వు ఇంత పొడుగా!" అని ఒకరినొకరు పట్టుకుని ఒకటే నవ్వు. పరీక్ష అయ్యాక నన్ను, ఖమ్మం అమ్మాయి వాళ్ళ నాన్నగారిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి వాళ్ళు ముగ్గురూ వేరే బల్ల దగ్గర టిఫిన్ తిన్నారు. పేపరు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకున్నట్టు లేదు. ఎక్కాల్సిన బండి వెళ్ళిపోయింది, తర్వాతి బండికి వచ్చాం.

వచ్చే టర్ము నుంచి వారంలో మూడు రోజులు మా ఊళ్ళోనే స్టడీ హాలుకి వెళ్తానంటోంది. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు కూర్చునే చోటు అది, నెలకింతని కడితే ఒక కుర్చీ, ఒక లైటు, వైఫై ఇస్తారు. ఇంట్లో గదీ ఉంది, నెట్టూ ఉంది, మళ్ళీ ఈ ఖర్చు దేనికని మావారు. నడిచి వెళ్ళి నడిచి రావడానికి, అన్నాను నేను. పక్క కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు కదా, అంది అమ్మాయి. ఒక నెల డబ్బు కట్టేశాం. హాలు ఎనిమిదింటికే తెరుస్తారట, క్యారేజీ కట్టే టైము అరగంట ముందుకు జరుపుకోవాలి.